మందు ఎందుకు పనిచేయడం మానేసింది? ఒకే ప్రశ్న వెంట చార్లెస్ సాయర్స్



పీటీఎంలలో ఇప్పుడు ఎనిమిదో తరగతి పిల్లల పేరెంట్స్ కూడా అడుగుతున్న ప్రశ్న ఒకటుంది: "మా వాణ్ణి ఎంపీసీలో వేయాలా, బైపీసీలో వేయాలా?" బైపీసీ అంటే నీట్, నీట్ అంటే ఎంబీబీఎస్, ఎంబీబీఎస్ అంటే హాస్పిటల్. ఈ దారి మనందరికీ కంఠతా వచ్చు. కానీ హాస్పిటల్‌లో డాక్టరు చీటీ మీద రాసే మందు ఎక్కడో ఒకచోట, ఎవరో ఒకరి బుర్రలో ప్రశ్నగా మొదలై ఉంటుంది. ఆ "ఎవరో ఒకరు" రోజంతా ఏం చేస్తారో మన పిల్లలకు కనిపించదు. నిజం చెప్పాలంటే మనకూ కనిపించదు.

అందుకని ఈ నెల ఒక శాస్త్రవేత్త పనిని కాస్త దగ్గరగా చూద్దాం. పేరు చార్లెస్ సాయర్స్. అమెరికాలోని నాష్‌విల్‌లో 1959లో పుట్టారు. తల్లీ తండ్రీ ఇద్దరూ డాక్టర్లే. ఆయన మాత్రం ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో డిగ్రీ చదివింది చరిత్రలో. 1981లో ఆ డిగ్రీ పూర్తయ్యాక జాన్స్ హాప్కిన్స్‌లో మెడిసిన్ చేసి 1985లో ఎండీ అయ్యారు. అమెరికాలో మెడిసిన్‌లో చేరాలంటే ముందు ఒక డిగ్రీ ఉండాలి. అది ఏ సబ్జెక్టులోనైనా ఉండవచ్చు, కావలసిన సైన్సు కోర్సులు పక్కన పూర్తిచేస్తే చాలు. మన దగ్గర ఆ వీలు లేదు కాబట్టి రేపటి నుంచి పిల్లల్ని చరిత్రలో చేర్పించమని చెప్పడం లేదు. కాకపోతే "ముందు ఏం జరిగింది, తర్వాత ఏం మారింది, మధ్యలో ఏమైంది" అని అడగడం చరిత్ర విద్యార్థి అలవాటు. ఆయన ల్యాబ్‌లో చేసిన పనంతా చూస్తే నాకు అదే ప్రశ్న వినిపిస్తుంది.

ముందుగా ఆ గ్రంథి గురించి

ప్రొస్టేట్ మగవారిలో మాత్రమే ఉండే చిన్న గ్రంథి. మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఉంటుంది. మామూలుగా అక్రోటు కాయంత ఉంటుంది. వీర్యంలోని ద్రవంలో కొంత భాగాన్ని తయారుచేయడం దాని పని. అది పెరగడానికీ, పనిచేయడానికీ టెస్టోస్టిరాన్ కావాలి. పదో తరగతి జీవశాస్త్రంలో హార్మోన్ల పాఠం చదివిన పిల్లలున్న ఇంట్లో ఈ పేరు కొత్తది కాదు.

ఈ గ్రంథిలో వచ్చే క్యాన్సర్ కూడా మొదట్లో ఆ హార్మోన్ మీదే బతుకుతుంది. దీన్ని నిరూపించినవారు షికాగో యూనివర్సిటీలో పనిచేసిన చార్లెస్ హగ్గిన్స్. 1941లో ఆయన, క్లారెన్స్ హాడ్జెస్ కలిసి, ఎముకలకు పాకిన ప్రొస్టేట్ క్యాన్సర్ ఉన్న రోగుల్లో వృషణాలను ఆపరేషన్‌తో తొలగించి చూశారు. కొందరికి ఈస్ట్రోజెన్ ఇచ్చి చూశారు. రోగి బాగున్నాడని కంటితో చూసి చెప్పలేదు. రక్తంలో యాసిడ్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమును కొలిచారు. టెస్టోస్టిరాన్ తగ్గిస్తే ఆ ఎంజైము తగ్గింది, ఆ హార్మోన్‌ను ఇంజెక్షన్‌గా ఇస్తే పెరిగింది. ఒక క్యాన్సర్‌ను హార్మోన్‌ను తగ్గించి అదుపు చేయవచ్చని అలా తేలింది. దీనికి ఆయనకు 1966లో, అంటే పాతికేళ్ళ తర్వాత, నోబెల్ బహుమతి వచ్చింది.

కానీ ఆ చికిత్సకు ఒక గోడ అడ్డొచ్చింది. ముదిరిన క్యాన్సర్ మొదట బాగా తగ్గుతుంది. నొప్పి పోతుంది, మంచానికి అంటుకున్న మనిషి లేచి తిరుగుతాడు. కొందరిలో నెలలకు, కొందరిలో ఏళ్ళకు, జబ్బు తిరిగొస్తుంది. అప్పటికి రక్తంలో టెస్టోస్టిరాన్ దాదాపు లేనట్టే. మరి క్యాన్సర్ దేన్ని తిని పెరుగుతోంది? చాలా ఏళ్ళు డాక్టర్లు దీనికి పెట్టుకున్న పేరులోనే జవాబు కూడా పెట్టేశారు: "హార్మోన్ అవసరం లేని క్యాన్సర్" అన్నారు. అంటే ఈ కణం ఆ హార్మోన్‌తో తెగతెంపులు చేసుకుంది, ఇక ఆ దారిలో చేసేదేమీ లేదని.

ఇక్కడ కాస్త ఆగి ఇంటి విషయం ఒకటి చెప్పాలి. ఇంట్లో తాతయ్య రాత్రిపూట నాలుగైదు సార్లు లేస్తుంటే "వయసు కదా" అని మనమూ అంటాం, ఆయనా అంటారు. యాభై దాటాక ప్రొస్టేట్ పెరగడం చాలామందిలో ఉంటుంది. అందులో ఎక్కువ భాగం క్యాన్సర్ కాదు. కానీ రెండింటి లక్షణాలూ ఒకలాగే ఉండవచ్చు. తొలిదశ క్యాన్సర్‌లో అయితే అసలు లక్షణాలే లేకపోవచ్చు. పీఎస్ఏ అనే రక్తపరీక్ష ఉంది. అందులో అంకె పెరిగితే క్యాన్సర్ అని కాదు. ఇన్ఫెక్షన్ వల్లా, మామూలు పెరుగుదల వల్లా కూడా అది పెరుగుతుంది. అందుకే ఆ పరీక్ష చేయించాలా వద్దా, అంకె వచ్చాక ఏం చేయాలి అన్నది గూగుల్‌తో కాకుండా యూరాలజిస్టుతో మాట్లాడి తేల్చుకోవాలి. తండ్రికో అన్నదమ్ముడికో ఈ క్యాన్సర్ వచ్చిన ఇంట్లో మగవారు ఆ మాటను డాక్టరుకు తప్పకుండా చెప్పాలి, ఎందుకంటే వాళ్ళలో ముప్పు ఎక్కువ. సిగ్గుపడి దాచే జబ్బుల్లో ఇదొకటి. దాచడం వల్లే ఆలస్యమవుతుంది.

మొదటి పాఠం రక్త క్యాన్సర్ నేర్పింది

సాయర్స్ మొదట పనిచేసింది ప్రొస్టేట్ మీద కాదు. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో ఓవెన్ విట్టీ అనే శాస్త్రవేత్త ల్యాబ్‌లో చేరి, క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సర్ మీద పనిచేశారు. ఈ జబ్బులో 9వ, 22వ క్రోమోజోముల ముక్కలు తారుమారవుతాయి. ఆ అతుకు దగ్గర బీసీఆర్-ఏబీఎల్ అనే కొత్త జన్యువు పుడుతుంది. దాని నుంచి వచ్చే ప్రొటీను ఎప్పుడూ ఆన్‌లోనే ఉండే స్విచ్చు లాంటిది. తెల్ల రక్తకణాలు ఆగకుండా పెరుగుతూ పోతాయి.

ఆ స్విచ్చును ఆపే మందు ఇమాటినిబ్. బ్రయన్ డ్రూకర్ నాయకత్వంలో 1998లో మొదలైన తొలి పరీక్షల్లో సాయర్స్ కూడా ఒకరు. రోజుకు 300 మిల్లీగ్రాములు, అంతకు మించి తీసుకున్న 54 మంది రోగుల్లో 53 మందికి రక్తపరీక్ష మామూలు స్థితికి వచ్చింది. క్యాన్సర్ వైద్యంలో అలాంటి అంకె చాలా అరుదు. 2001 మే నెలలో అమెరికా ప్రభుత్వం మందుకు అనుమతి ఇచ్చింది. పత్రికలన్నీ రాశాయి.

అందరూ ఆ 53 వైపు చూస్తున్న రోజుల్లో సాయర్స్ ల్యాబ్ మరోవైపు చూసింది. జబ్బు బాగా ముదిరాక ఈ మందు మొదలుపెట్టినవారిలో చాలామందికి కొన్ని నెలలకే అది తిరిగొచ్చేది. ఎందుకు? ఆ రోగుల కణాలను తీసి చూశారు. ఆ పనిలో ముందున్నది మెర్సిడెస్ గోర్ అనే పరిశోధక విద్యార్థిని. తేలిందేమిటంటే, తిరిగొచ్చిన కణాల్లో ఆ స్విచ్చు మళ్ళీ ఆన్‌లో ఉంది. తొమ్మిది మందిలో ఆరుగురికి ఆ ప్రొటీనులో సరిగ్గా ఒకే చోట ఒక అమైనో ఆమ్లం మారింది. మందు వెళ్ళి కూర్చోవలసిన చోటు ఇరుకైపోయింది, మందు అందులో పట్టడం లేదు. మరి కొందరిలో ఆ జన్యువు కాపీలే పెరిగిపోయాయి. 2001 ఆగస్టులో ఇది 'సైన్స్' పత్రికలో వచ్చింది. మందుకు అనుమతి వచ్చి మూడు నెలలే అయింది.

ఈ ఫలితంలో మంచి వార్త దాగుంది. కణం దారి మార్చలేదు. పాత స్విచ్చు మీదే ఇంకా ఆధారపడి ఉంది. అలాంటప్పుడు మారిన స్విచ్చుకు సరిపోయే కొత్త మందు చేయవచ్చు. అలా వచ్చిన డాసాటినిబ్‌కు 2006లో అనుమతి వచ్చింది. ఇమాటినిబ్‌కు లొంగని మార్పుల్లో చాలావాటి మీద అది పనిచేసింది. మొదట కనిపెట్టిన ఆ ఒక్క మార్పు మీద మాత్రం అదీ పనిచేయలేదు. దానికి ఇంకో మందు రావడానికి 2012 దాకా పట్టింది.

తాళంచెవులు తగ్గితే తాళాలు పెంచుకుంది

ఇప్పుడు ప్రొస్టేట్‌కు వద్దాం. రక్త క్యాన్సర్ పని నడుస్తుండగానే సాయర్స్ ల్యాబ్‌లో ప్రొస్టేట్ కణితుల పని కూడా సాగుతోంది. ఈ పనిలో మొదటి చిక్కు చాలా మామూలుది: ప్రొస్టేట్ క్యాన్సర్ కణాలను ల్యాబ్‌లో పెంచడం కష్టం. రక్త క్యాన్సర్‌లో అయితే సిరంజితో రక్తం తీస్తే కణాలు దొరుకుతాయి. ఎముకలో దాక్కున్న కణితిని అలా తీయలేం. 1990లలో ఆయన బృందం రోగుల నుంచి తీసిన కణితి ముక్కలను, రోగనిరోధక శక్తి లేని ఎలుకల్లో నాటి బతికించింది. చాలా ప్రయత్నాలు విఫలమై, కొన్ని నిలిచాయి. వినడానికి ఒక వాక్యమే, చేయడానికి ఏళ్ళు.

ఆ ఎలుకల్లో టెస్టోస్టిరాన్ తీసేస్తే కణితి కుంచించుకుపోతుంది. కొంతకాలానికి తిరిగి పెరుగుతుంది, అచ్చం మనిషిలో జరిగినట్టే. అంటే ఒకే కణితికి "ముందు", "తర్వాత" రెండు రూపాలు చేతికొచ్చాయి. అలాంటి ఏడు జతలను తీసుకుని, వేల జన్యువుల్లో ఏది ఎంత చురుగ్గా ఉందో పోల్చి చూశారు. చార్లీ చెన్ మొదటి రచయితగా 2004లో 'నేచర్ మెడిసిన్'లో వచ్చిన ఆ వ్యాసంలో జవాబు ఆశ్చర్యపరిచేంత చిన్నది. ఏడు జతల్లోనూ తప్పకుండా కనిపించిన మార్పు ఒక్కటే: ఆండ్రోజెన్ రిసెప్టార్ పెరిగింది.

రిసెప్టార్ అంటే ఏమిటో పిల్లలకు ఇలా చెప్పవచ్చు. టెస్టోస్టిరాన్ ఒక తాళంచెవి. కణంలో దానికి సరిపోయే తాళం ఆండ్రోజెన్ రిసెప్టార్. తాళంచెవి తాళంలో పడగానే ఆ తాళం కణకేంద్రకంలోకి వెళ్ళి, డీఎన్ఏ మీద కూర్చుని, "పెరుగు" అని చెప్పే జన్యువులను లేపుతుంది. హగ్గిన్స్ కాలం నుంచి చేస్తున్న చికిత్స తాళంచెవులను తగ్గించడం. కణం ఏం చేసిందంటే తాళాలను పెంచుకుంది. ఊరంతా తాళాలే ఉంటే, వీధిలో దొరికిన ఒకటీ అరా తాళంచెవి కూడా ఏదో ఒక తలుపు తీస్తుంది. హార్మోన్ అవసరం లేని క్యాన్సర్ అనుకున్నది నిజానికి హార్మోన్ కోసం ఇంకా ఆకలిగా ఉన్న క్యాన్సర్.

ఇంకో సంగతి కూడా ఆ పనిలోనే బయటపడింది. అప్పటికి వాడుతున్న బైకాలుటమైడ్ అనే మందు తాళంలో దూరి అడ్డంపడే నకిలీ తాళంచెవి లాంటిది. తాళాలు ఎక్కువైన కణాల్లో ఆ నకిలీ తాళంచెవే తలుపు తీయడం మొదలుపెట్టింది! క్యాన్సర్‌ను ఆపాలని ఇచ్చిన మందు దానికే మేత అయింది. కొందరు రోగుల్లో ఆ మందు ఆపేస్తే పీఎస్ఏ తగ్గడం డాక్టర్లు అంతకు ముందే గమనించారు. ఎందుకు తగ్గుతుందో అర్థంచేసుకోవడానికి ఇప్పుడు ఒక ఆధారం దొరికింది.

క్రమంగా జబ్బు పేరే మారింది. "హార్మోన్ అవసరం లేని" అనే మాట పోయి, హార్మోన్ తగ్గించే చికిత్సకు "లొంగని" అనే మాట వచ్చింది. రెండు మాటల మధ్య తేడా చిన్నగా కనిపించవచ్చు. మొదటిది వింటే డాక్టరు చేతులెత్తేస్తాడు. రెండోది వింటే ఇంకా గట్టి మందు కోసం వెతుకుతాడు.

కెమిస్ట్రీ వాళ్ళు పక్క బిల్డింగులో

వెతికే పని ఒక్క బయాలజిస్టు వల్ల కాదు. సాయర్స్ అదే యూనివర్సిటీలో కెమిస్ట్రీ ప్రొఫెసర్ మైకేల్ జంగ్‌ను కలిశారు. ఆండ్రోజెన్ రిసెప్టార్‌కు చాలా గట్టిగా అంటుకునే ఒక పాత రసాయనం ఉంది. కానీ అది తాళాన్ని తెరిచే రకం. అంటుకునే గుణం ఉంచుకుని, తెరిచే గుణం పోగొట్టాలి. జంగ్ బృందం ఆ అణువులో ఇక్కడో గుంపు తీసి, అక్కడో గుంపు చేర్చి, సుమారు 200 రకాలు తయారుచేసింది. ప్రతి దాన్నీ రిసెప్టార్ ఎక్కువగా ఉన్న కణాల మీద పరీక్షించారు. పాత మందు మోసపోయింది అలాంటి కణాల్లోనే కదా. ఇంటర్‌లో ఆర్గానిక్ కెమిస్ట్రీ "బట్టీ సబ్జెక్టు" అనే పిల్లలకు ఈ భాగం చదివి వినిపించండి.

అలా నిలిచిన మందు ఎంజాలుటమైడ్. ఇది తాళాన్ని గట్టిగా పట్టుకోవడమే కాదు, ఆ తాళం కేంద్రకంలోకి వెళ్ళడాన్నీ, డీఎన్ఏ మీద కూర్చోవడాన్నీ అడ్డుకుంటుంది. మెడివేషన్ అనే చిన్న కంపెనీ హక్కులు తీసుకుని మనుషుల్లో పరీక్షలకు ముందుకొచ్చింది. సాయర్స్ 2006లో న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ సెంటర్‌కు మారారు. అక్కడి డాక్టర్ హోవర్డ్ షెర్ ఈ పరీక్షలు నడిపినవారిలో ముఖ్యులు. 2009లో 'సైన్స్'లో మందు వివరాలు వచ్చినప్పుడు, మొదటి 30 మంది రోగుల్లో 13 మందికి పీఎస్ఏ సగానికి పైగా తగ్గి నిలిచిందని రాశారు. తర్వాత 1,199 మందితో పెద్ద పరీక్ష జరిగింది. అందరూ కీమోథెరపీ అయిపోయినవారు. మందు తీసుకున్నవారి సగటు ఆయుష్షు, గణితంలో మధ్యగతం అంటారే ఆ లెక్కన, 18.4 నెలలు. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిది 13.6 నెలలు. 2012 ఆగస్టులో అనుమతి వచ్చింది.

దాదాపు ఐదు నెలలు. ఇంతేనా అనిపిస్తుంది. అన్ని చికిత్సలూ అయిపోయిన మనిషికీ, ఆయన మంచం పక్కన కూర్చున్న ఇంటివారికీ ఆ ఐదు నెలల విలువ ఎంతో లెక్క కట్టడం నా వల్ల కాదు. తర్వాత ఇదే కోవలో వచ్చిన అపాలుటమైడ్‌ను, జబ్బు ఇంకా ఇతర అవయవాలకు పాకనివారికి ముందుగానే ఇచ్చి చూశారు. జబ్బు పాకకుండా గడిచిన కాలం 16.2 నెలల నుంచి 40.5 నెలలకు పెరిగింది. 2018లో దానికీ అనుమతి వచ్చింది. దాని పుట్టుక కూడా సాయర్స్, జంగ్ ల్యాబ్‌ల నుంచే.

హైదరాబాద్ దాకా

ఈ కథలోని మొదటి మందు మన ఊరి మీదుగా కూడా వెళ్ళింది. ఇమాటినిబ్ కంపెనీ బ్రాండు మందుకు మన దేశంలో నెలకు లక్ష రూపాయల పైనే అయ్యేది. హైదరాబాద్‌లోని నాట్కో ఫార్మా అదే మందును అందులో పదో వంతు లోపు ధరకు తయారుచేసి ఇచ్చింది. పేటెంటు కోసం నోవార్టిస్ కంపెనీ నడిపిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2013 ఏప్రిల్ 1న కోర్టు ఆ పేటెంటును నిరాకరించింది. ఎంజాలుటమైడ్ విషయంలోనూ కాలిఫోర్నియా యూనివర్సిటీ పెట్టుకున్న దరఖాస్తును మన పేటెంట్ ఆఫీసు 2016లో తిరస్కరించింది. మందు కనిపెట్టడం ఒక పని. అది మామూలు ఇంటి మనిషి నోటిదాకా చేరడం ఇంకో పని. దానికి కెమిస్టులూ, ఇంజనీర్లూ, లాయర్లూ అందరూ కావాలి. ఎంపీసీ, బైపీసీ, సీఈసీ అని మనం గీసే గీతలు ఆ మాత్ర మీద ఎక్కడా కనిపించవు.

2009లో సాయర్స్‌కు, డ్రూకర్‌తో, నికొలస్ లిడన్‌తో కలిపి లాస్కర్ అవార్డు వచ్చింది. అది రక్త క్యాన్సర్ పనికి. ఆయన ల్యాబ్ అప్పటికే తర్వాతి ప్రశ్న దగ్గరుంది: ఎంజాలుటమైడ్ కూడా కొంతకాలానికి పనిచేయడం మానేస్తోంది, ఎందుకు?

2013లో ఒక జవాబు దొరికింది. కొన్ని కణాలు ఆండ్రోజెన్ తాళాన్ని వదిలి, దానికి దగ్గరి చుట్టమైన గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టార్‌ను వాడుకుంటున్నాయి. ఆ తాళానికి సరిపోయే కార్టిసాల్ ఒంట్లో ఎప్పుడూ ఉంటుంది, అది లేకపోతే మనిషి బతకడు, కాబట్టి దాన్ని పూర్తిగా ఆపలేం. 2017లో ఇంకోటి దొరికింది. టీపీ53, ఆర్‌బీ1 అనే రెండు కాపలా జన్యువులు పోయిన కణాలు అసలు ప్రొస్టేట్ కణం లాగే ఉండటం మానేసి, వేరే రకం కణాల వేషం వేస్తున్నాయి. హార్మోన్ తాళమే లేని ఇంటికి హార్మోన్ తాళం మందు ఏం చేస్తుంది? ఆ వేషాన్ని తిరిగి విప్పించడం ఎలాగన్నది ఇప్పుడు ఆయన ల్యాబ్‌లోనూ, ఇంకా ఎన్నో ల్యాబ్‌లలోనూ నడుస్తున్న పని.